మూడో అంతస్తు లైట్లు

ధర్మవరంలో గంగాధర ఇల్లెక్కడ అని అడిగితే ఏ గంగాధర అని ఎదురు అడుగుతారు. మీటరు గంగాధర అంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి మరీ దారి చూపిస్తారు. ముప్పై నాలుగేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. మొదట హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆఖరి పదకొండేళ్లు ధర్మవరం. మొత్తం ఎన్ని మీటర్లు చూశాడో ఆయనకే తెలియదు కానీ కుక్కకాట్ల లెక్క మాత్రం తప్పడు. నాలుగు. హిందూపురంలో రెండు, పెనుకొండలో రెండు. ధర్మవరం కుక్కలు మర్యాదస్తులని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు.

మీటరు చూసి ఇంటి గుట్టు చెప్పేయడం ఆయన విద్య. "నలభై యూనిట్లు ఎక్కువ తిరిగిందే, అల్లుడొచ్చినాడా?" అని గుమ్మంలోనే అడిగేవాడు. లోపల్నుంచి ఆ అల్లుడే లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చేవాడు. "మీ ఫ్రిజ్జు పాడయ్యేకొచ్చిందప్పా, ఊరికే కరెంటు తాగతాండాది" అని ఫ్రిజ్జు తలుపైనా తెరవకుండా చెప్పేవాడు. పెనుకొండలో ఒక ఇంటి మీటరు రెండు నెలలు వరసగా తగ్గితే, "పెద్దాయన ఆస్పత్రిలో ఉండాడా?" అని అడిగాడు. నిజంగానే ఉన్నాడు. ఆ దెబ్బతో ఆ వీధిలో ఆడవాళ్లు ఈయన వస్తున్నాడంటే పమిట సర్దుకున్నట్టు ఇంటి గుట్టు కూడా సర్దుకునేవాళ్లు. అన్ని ఇళ్లూ తనకు తెలుసని గంగాధర నమ్మకం. ఒక ఇల్లు తప్ప అని చెప్పేవాళ్లు అప్పటికి ఎవరూ లేరు.

రిటైరయ్యాక ఆయన ధర్మవరంలోనే, రైల్వే స్టేషను అవతల ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాడు. అయిదంతస్తులు, ముప్పై ఇళ్లు. కింద వీధివైపు ఒక జిరాక్సు షాపు. చేరిన ఎనిమిదేళ్లకు ఆయన్ను అసోసియేషన్ సెక్రటరీని చేశారు. ఆ పదవికి కావాల్సిన అర్హత ఒక్కటే, పగలంతా ఇంట్లో ఉండటం. ప్రెసిడెంటు అయిదో అంతస్తు ఎర్రప్ప. సొంతూరు తాడిమర్రి, ఒకప్పుడు శెనక్కాయల వ్యాపారం చేసినవాడు. చెయ్యి శుభ్రం, నోరు గట్టి. రూపాయి ఖర్చుకు కూడా రసీదు కావాలంటాడు.

సెక్రటరీ అయిన మొదటి నెలే కామన్ బిల్లు గంగాధర చేతికొచ్చింది. మెట్ల లైట్లు, కారిడార్ లైట్లు, పార్కింగు, లిఫ్టు, నీళ్ల మోటారు అన్నీ కలిపి ఇరవై రెండు వేలు. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అంకె అలాగే ఉంది. ముప్పై నాలుగేళ్లు ఊరందరికీ బిల్లులిచ్చిన మనిషికి మొదటిసారి బిల్లు చూసి కడుపు మండింది.

మర్నాడు స్టూలు, టార్చి, పాత మీటరు పుస్తకం పట్టుకుని బిల్డింగంతా తిరిగాడు. మొత్తం అరవై ట్యూబులైట్లు, అన్నీ చోకులు గుయ్యిమనే పాతకాలం సరుకు, సాయంత్రం ఆరింటికి వేస్తే తెల్లారి ఆరు దాకా వెలుగుతూనే ఉంటాయి. మోటారు చూస్తే మరీ ఘోరం. మూడుసార్లు కాలిపోయి మూడుసార్లు వైండింగు చేయించుకున్నది. అలాంటి మోటారు నీళ్లు తోడేది తక్కువ, కరెంటు తోడేది ఎక్కువ. ఎల్‌ఈడీ లైట్లు వేసి, మనిషి కదిలితేనే వెలిగే సెన్సార్లు పెట్టి, కొత్త మోటారు దించి, అంతస్తుకొక చిన్న మీటరు బిగిస్తే ఎంతవుతుందో కొటేషన్లు తెప్పించాడు. లక్షా తొంభై వేలు. నెలకు పదిన్నర వేలు మిగులుతుంది. అంటే పెట్టిన డబ్బు పద్దెనిమిది నెలలకు తిరిగొస్తుంది. ఆ కాగితం చూసుకుని తనకు తానే వీపు తట్టుకున్నాడు.

ఆదివారం పార్కింగులో మీటింగు పెట్టారు. ఇంటికొక మగవాడు రావడం అక్కడి ఆనవాయితీ. ఆడవాళ్లను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. గంగాధర కాగితం చదివి ఇంటికి ఆరు వేల మూడు వందల చిల్లర వేసుకుందామన్నాడు. అంతే, ఒక్కొక్కరు మొదలుపెట్టారు. అద్దెకున్నవాళ్లు, "మేము వచ్చే ఏడు ఈడుంటామో లేదో, ఓనర్లు పెట్టుకోవల్ల" అన్నారు. ఓనర్లు, "బిల్లు కట్టేది అద్దెకున్నోళ్లు, తగ్గితే వాళ్లకే లాభం, మేమెందుకు పెట్టల్ల?" అన్నారు. కింద ఇళ్లవాళ్లు మాకు లిఫ్టుతో ఏం పనన్నారు. పైవాళ్లు మాకు నీళ్లే సరిగ్గా ఎక్కవన్నారు. అందరూ చెప్పినదాంట్లో న్యాయముంది. డబ్బు మాత్రం లేదు.

గంగాధరకు తిక్క రేగింది. "సరే. దుడ్లు నేనే పెడతా. ఇరవై రెండు వేలలో ఎంత తగ్గితే అంత నెలనెలా నాకియ్యండి. నా లక్షా తొంభై తీరిన దినం నుంచి ఆ లాభం మీదే. వడ్డీ వద్దు" అని లేచి నిలబడ్డాడు. ఎర్రప్ప ఎగాదిగా చూసి, "తగ్గకపోతే?" అన్నాడు. "తగ్గకపోతే నాకేమీ ఇయ్యొద్దండి." ఎర్రప్ప వెంటనే తీర్మానాల పుస్తకం తెరిచి రాసేశాడు, సంతకం కూడా పెట్టించుకున్నాడు.

మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర గంగాధరకు గుర్తొచ్చింది, తన దగ్గర డబ్బుల్లేవని. రిటైర్మెంటు డబ్బంతా ఫ్లాటే మింగేసింది. ఇంట్లో ఉన్న డబ్బు నాగమణిది. ఆయన భార్య.

నాగమణిది కనగానపల్లి వైపు గొర్రెలు కాచుకునే కుటుంబం. వాళ్ల నాయన పోయాక మంద అమ్మి పంచుకున్నప్పుడు ఆమె వాటా ఆమెకిచ్చారు. ఆ డబ్బు పోస్టాఫీసులో ఉంది. దాంతో కింద జిరాక్సు షాపు ఖాళీ కాగానే పిండిమర పెట్టాలని ఆమె కోరిక. చుట్టుపక్కల నాలుగు అపార్ట్‌మెంట్లున్నాయి, రాగులు ఆడించాలన్నా కారం పట్టించాలన్నా ఆటో ఎక్కి పోవాలి. ఎక్కడ మర పెట్టాలి, ఎక్కడ కారం మర వేరుగా ఉంచాలి, అన్నీ ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. షాపు గడువు రెండేళ్లలో ముగుస్తుంది. ఆ రోజుకు అడ్వాన్సు పెట్టకపోతే దాన్ని ఎగరేసుకుపోవడానికి ఇద్దరు ముగ్గురు కాచుకుని ఉన్నారు.

"ముందు మాట ఇచ్చి మల్ల నన్ను అడుగుతాండావు" అంది నాగమణి.

"పద్దెనిమిది నెలలే. నా లెక్క తప్పదు మే."

"రెండేండ్లు. షాపు ఖాళీ అయ్యే దినానికి నా దుడ్లు నా చేతిలో ఉండల్ల. ఉండకపోతే ఈ జన్మలో నీకు ముద్ద చేసి పెట్టను." రాగిముద్ద లేకపోతే గంగాధరకు పూట గడవదు. ఆమె మాటంటే మాటే.

మూడు వారాల్లో పనంతా అయింది. కొత్త మోటారు దిగింది, సెన్సార్లు బిగించారు. కారిడార్లో అడుగుపెడితే లైటు వెలుగుతుంది, రెండు నిమిషాలు ఎవరూ కదలకపోతే ఆరిపోతుంది. మొదటి నెల బిల్లు పదకొండు వేల ఆరు వందలు. ఎర్రప్ప బిల్లు వెనక్కి తిప్పి కూడా చూశాడు, ఏదైనా మోసముందేమోనని. లేదు. పది వేల నాలుగు వందలు లెక్కపెట్టి గంగాధర చేతిలో పెట్టాడు. గంగాధర వాటిని తీసుకెళ్లి నాగమణి చేతిలో పెట్టి, ఆ పూట రెండు ముద్దలు తిన్నాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ ఇంతే. కానీ మనిషి మీటరు గంగాధర కదా. అంతస్తుకొక మీటరు పెట్టించాడు, అది చూడకుండా ఎలా ఉంటాడు? నెలాఖరున అంతస్తులవారీగా యూనిట్లు రాసి లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకు అంటించాడు. జనం దాన్ని క్రికెట్టు స్కోరులా చూడటం మొదలుపెట్టారు. ఒకటో అంతస్తు నాలుగు యూనిట్లు, రెండోది నాలుగు, నాలుగోది మూడు, అయిదోది నాలుగు. మూడో అంతస్తు పన్నెండు.

"ఏమబ్బా సెక్రటరీ, నీ అంతస్తే ఇట్ల తాగతాండాదే!" అన్నాడు ఎర్రప్ప నలుగురిలో. గంగాధర చెవులు ఎర్రబడ్డాయి. సెన్సార్లు చెడిపోయాయేమో అనుకుని స్క్రూడ్రైవరు పట్టుకుని స్టూలెక్కాడు. సెన్సార్లు బంగారంలా ఉన్నాయి. స్టూలు కింద, కారిడార్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని చీరల కొంగులకు కుచ్చులు కడుతున్నారు.

ధర్మవరం పట్టుచీర అంగడికి ఎక్కేముందు దాని కొంగు చివర పోగులను చిన్న చిన్న ముడులుగా కట్టాలి. మొగ్గ కుచ్చు, పూసల కుచ్చు, గొలుసు కుచ్చు అని రకాలు. అంగళ్లవాళ్లు చీరలు ఇళ్లకు పంపిస్తారు, కట్టి ఇస్తే చీరకింత అని ఇస్తారు. మూడో అంతస్తు కారిడార్లో ఆ చివర నుంచి ఈ చివరకు గాలి మెల్లగా వస్తుంది, కొంగును కిటికీ కమ్మీకి కట్టి లాగి కూర్చోవడానికి చోటుంది, పైన లైటుంది. అందుకే సాయంత్రమైతే పక్క ఫ్లాటు కదిరమ్మ, నాగమణి, ఇంకొందరు అక్కడ చేరతారు. గంగాధర ఎనిమిదేళ్లుగా రోజూ ఆ పోగులు దాటుకుంటూ నడకకు పోతున్నాడు. ఆడవాళ్ల కాలక్షేపం, టీవీ సీరియల్ చూసేదానికంటే నయం అనుకునేవాడు, అంతకుమించి అనుకోలేదు.

కుచ్చు కట్టేవాళ్ల వేళ్లు కదులుతాయి గానీ మనుషులు కదలరు. రెండు నిమిషాలకొకసారి లైటు ఆరిపోయేది. పోగులు చేతిలో, ముడి సగంలో, చీకటి. దానికి వాళ్లొక ఉపాయం పెట్టుకున్నారు. లేచే వంతు. వరసగా ఒకరు లేచి లిఫ్టుదాకా నడిచి వచ్చి కూర్చోవాలి, తర్వాత పక్కామె లేవాలి. ఆ రకంగా లైట్లు ఆరకుండా కాపాడుకుంటున్నారు, వంతులో నాగమణి కూడా ఉంది. గంగాధర స్టూలు మీద నిలబడి అంతా చూశాడు. మీటరు మీద ఒక్క అంకె కూడా తప్పు చదవని ఆ మనిషి అప్పుడు చేసిన పనేమిటంటే, రెండు నిమిషాలను ముప్పై సెకన్లకు కుదించి దిగాడు. పార్కింగులో కూడా పనిలో పనిగా ముప్పై చేశాడు.

ముప్పై సెకన్లకొకసారి లేచి కుచ్చులు కట్టడం ఎవరివల్లా కాదు. రెండో రోజుకే కారిడార్ ఖాళీ అయింది. ఆ నెల బోర్డులో మూడో అంతస్తు నాలుగు యూనిట్లు. ఎర్రప్ప అందరి ముందూ శెభాష్ అన్నాడు. నాగమణి మాత్రం వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మోకాళ్ల నొప్పేమో అనుకున్నాడు గంగాధర.

తర్వాతి నెల ఒక ఉదయం కదిరమ్మ వచ్చింది. నల్లమాడ నుంచి వచ్చి పక్క ఫ్లాటులో అద్దెకుండే ఆమె. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. చేతిలో వాళ్లింటి కరెంటు బిల్లు. "కొంచెం సూడు సారూ, తప్పొచ్చిందేమో" అంది.

గంగాధర అలవాటుగా వెనక నెలతో పోల్చాడు. పోయిన నెల నూట పద్దెనిమిది, ఈ నెల నూట డెబ్బై ఒకటి. పై స్లాబులోకి ఎక్కింది కాబట్టి రేటు కూడా పెరిగింది. "తప్పేం లేదక్కా. యాభై మూడు యూనిట్లు ఎక్కువ తిరిగింది. ఎవురన్నా వచ్చినారా ఇంటికి?"

"ఎవురూ రాలేదు సారూ. నేనే బయటినుంచి లోపలికి పోయినా."

గంగాధరకు అర్థం కాలేదు. కదిరమ్మ నిదానంగా చెప్పింది. ఇంట్లో ఫ్యానేస్తే పట్టుపోగులు ఎగిరి చిక్కుపడతాయి. ఆపేస్తే చెమట కారి చీరకు మరక పడుతుంది, మరకపడిన చీరకు అంగడివాళ్లు కట్టిన కూలీ ఇవ్వకపోగా ఎదురు తీసుకుంటారు. అందుకని కూలరు మూలకు పెట్టుకుని, రెండు లైట్లు వేసుకుని కడుతోంది. "అయినా కారిడార్లో దినానికొక చీర అయ్యేది. ఈడ రెండు దినాలకొకటి కూడా కాలేదు" అంది. ఫిర్యాదులా కాదు, లెక్క చెప్పినట్టు చెప్పింది.

గంగాధర ఆ పూట ఇంకో నాలుగిళ్ల తలుపులు తట్టి బిల్లులు అడిగి చూశాడు. అయిదిళ్లకూ అదే తంతు. మీటరు పుస్తకం తెరిచి రెండు అంకెలు రాసుకున్నాడు. కారిడార్ లైట్లు ఆరిపోవడం వల్ల అసోసియేషనుకు మిగిలింది నెలకు వంద రూపాయలు కూడా లేదు. ఆ అయిదిళ్లకు పెరిగిన బిల్లు పదహారు వందలు. పోయిన కూలీ వేరే. ఒక మీటరును కిందికి దించి అయిదు మీటర్లను పైకెక్కించాడు. ఎక్కడైనా అల్లుడొస్తే కనిపెట్టిన తను, కళ్లముందు వరసగా కూర్చున్న మనుషులను చూసి కూడా చూడలేదు. సిగ్గుతో ఆయన మొహం కాలిపోయింది. అదే పూట స్టూలెక్కి మూడో అంతస్తు సెన్సార్లు పీకేసి, ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా లైట్లు వెలిగేటట్టు మామూలు స్విచ్చు పెట్టాడు. ఎవరినీ అడగలేదు.

బోర్డు మీద మళ్లీ పన్నెండు యూనిట్లు పడగానే ఎర్రప్ప ఆ మధ్యాహ్నమే మూడో అంతస్తుకు వచ్చి, సెన్సార్లు లేకపోవడం చూసి పోయాడు. ఆ నెల గంగాధరకు రావాల్సిన డబ్బు ఇవ్వలేదు. "తీర్మానంలో అన్ని లైట్లకూ సెన్సార్లు అని ఉండాది. నువ్వే తప్పినావు. మీటింగు అయ్యేదాకా దుడ్లు ఆగుతాయి" అన్నాడు. తీరినది ముప్పై ఒక్క వేలే. మిగతా లక్షా యాభై తొమ్మిది వేలు ఇప్పుడు ఎర్రప్ప పుస్తకంలో ఇరుక్కున్నాయి.

సాయంత్రం ఏడింటికి పార్కింగులో మీటింగు. ఎప్పటిలాగే మగవాళ్లు కుర్చీల్లో. ఈసారి మెట్ల మీద పది పన్నెండు మంది ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు కాబట్టి పొమ్మనడం కూడా ఎవరికీ చేతకాలేదు.

గంగాధర తన రెండు అంకెలూ చెప్పాడు. వంద ఒకవైపు, పదహారు వందలు ఒకవైపు. ఎర్రప్ప తల అడ్డంగా ఊపాడు.

"వందా వెయ్యా అని కాదప్పా నేను చెప్తాండేది. ముప్పై ఇండ్ల దుడ్లతో లైటేసుకోని నలుగురైదుగురు సొంత సంపాదన చేసుకుంటాంటే ఎట్ల? రేపు ఇంకొకడు ఈడ వెల్డింగు పెట్టుకుంటాడు. ఎవురెవురు కూర్చుంటారో పేర్లు రాయి. వాళ్లు కట్టుకోవల్ల."

న్యాయంగానే ఉంది మాట. పేర్లు రాయడానికి గంగాధర పెన్ను తీసి, కాగితం మీద ఒకటి అని అంకె వేశాడు. అప్పుడు ఒకటో అంతస్తు జాన్ గొంతు సవరించుకున్నాడు. హైస్కూలు టీచరు. మనిషి నెమ్మది.

"మా ఆమె పేరు రాయండి సార్. ఆమె కూడా పైకి పోతాది."

అందరూ తిరిగి చూశారు. ఉద్యోగస్తుడి భార్య కుచ్చులు కడుతుందని ఆ బిల్డింగులో ఏ మగవాడూ బయటికి చెప్పుకోడు. చిన్నతనమని. పక్కింటివాడి దగ్గర దాచడమే గానీ పక్కింట్లోనూ అదే జరుగుతుందని ఎవరికీ తెలియదు. జాన్ అన్నాక రెండో అంతస్తు నుంచి ఒకాయన, "మా ఇంట్లో కూడా" అన్నాడు. తర్వాత ఇంకొకాయన. ఎనిమిది పేర్ల దాకా వచ్చేసరికి ఎర్రప్పకు విసుగొచ్చింది. "ఇంగా ఎంతమందిరా నాయనా?"

"నా పేరూ రాసుకోండి" అంది మెట్ల మీదినుంచి పుష్ప. ఎర్రప్ప భార్య.

ఎర్రప్ప మెట్ల వైపు తిరిగాడు. "నువ్వు భజనకు పోతాండా అంటివే!"

"ఆడ రెండు పాటలు కూడా పాడుకుంటాంలే" అంది పుష్ప. పార్కింగు మొత్తం పగలబడి నవ్వింది. వాచ్‌మన్ కుళ్ళాయప్ప గేటు దగ్గర నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఎర్రప్ప మాత్రం దిగిరాలేదు. ఆ మాటకు మెచ్చుకోవాలి. "మా ఇంటామె అయితే మాత్రం న్యాయం మారతాదా? అందరూ తలా కొంత నెలనెలా కట్టండి. కట్టేదాకా సెన్సార్లు మల్ల పెట్టల్ల. లేకుంటే గంగాధరకు దుడ్లు లేవు."

గంగాధర తలెత్తి నాగమణి వైపు చూశాడు. ఆమె ఊ అంటే సెన్సార్లు పెట్టేస్తాడు, పిండిమర దక్కుతుంది. ఆమె లేచింది. మీటింగులో ఆమె నిలబడటం అదే మొదటిసారి.

"కడతాంలే అన్నా, వంద రూపాయలకు మేం వెనకాడం. సెన్సార్లు మాత్రం ఒద్దు. దుడ్లు ఆపుతావా, ఆపుకో. మొదలు ఒకటి చెప్పు. ఈ బిల్డింగులో లైట్లన్నీ, మోటారూ పెట్టిన దుడ్లు ఎవురివి?"

"మీ ఆయన పెట్టినాడు."

"ఆయన కాడ యాడుండాయి? నావి."

"సరేమ్మా, నీవే. మీ నాయన గొర్రెలవి. పుస్తకంలో అట్లనే రాస్తా."

"గొర్రెలకు నా పాలికొచ్చింది లక్ష. తక్కిన తొంభై వేలు ఆ మూడో అంతస్తులో కూర్చోని కట్టిన కుచ్చులవి. ఎనిమిదేండ్లు. ఆ లైటు కిందనే."

కుర్చీల్లో ఎవరూ కదల్లేదు. ముప్పై సెకన్లు గడిచాయి. పార్కింగులో లైట్లన్నీ టక్కున ఆరిపోయాయి. ఆ చీకట్లోనే గంగాధర మనసులో లెక్క కట్టుకున్నాడు. బిల్డింగుకు బిల్లు తగ్గించిన డబ్బులో సగం దాకా ఆ లైటే సంపాదించి పెట్టింది. తను దాన్నే ఆర్పాడు.

కొంచెంసేపటికి ఎర్రప్ప చెయ్యి పైకెత్తి ఊపాడు. లైట్లు వెలిగాయి. తీర్మానాల పుస్తకం తెరిచి, మూడో అంతస్తు లైట్లు ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా వెలగాలని, దాని ఖర్చు ముప్పై ఇళ్లదీ అని, గంగాధరకు ఆగిన సొమ్ము రేపే ఇవ్వాలని రాసి, అందరికంటే ముందు తనే సంతకం పెట్టాడు.

లెక్క తేలకపోతే నిద్రపట్టనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నాను. నాగమణి డబ్బు పందొమ్మిదో నెలలో చివరి రూపాయితో సహా తీరింది. జిరాక్సు షాపు ఖాళీ అయిన రోజు ఆమె చేతిలో అడ్వాన్సు ఉంది. ఇప్పుడు ఆ వీధిలో రాగులు పట్టించుకోవడానికి ఆటో ఎక్కేవాళ్లు లేరు. కామన్ బిల్లు పన్నెండు వేలు దాటడం లేదు.

కానీ ఆ మీటింగు రోజు సాయంత్రానికి అవేవీ గంగాధరకు తెలియవు. లిఫ్టు ఎక్కకుండా ఆమె వెనకే మెట్లెక్కుతున్నాడు. రెండో అంతస్తు దగ్గర అడిగేశాడు. "తొంభై వేలు మే! నాకొక మాటన్నా చెప్పలేదే?"

నాగమణి ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయనకు కష్టంగా తోచింది. "ఊర్లో అందరి ఇండ్లకాడా నిలబడి ఎవురొచ్చినారు, ఏం చెడింది అని అడిగినావు కదా. ఎనిమిదేండ్లు దినామూ నన్ను దాటుకోని పోయినావు. ఏం చేస్తాండావు నాగమణీ అని ఒక్క దినమన్నా అడిగినావా?"

ఆమె మళ్లీ మెట్లెక్కింది. పైన కదిరమ్మ అప్పటికే కొంగు కమ్మీకి కట్టి కూర్చుంది, మిగతావాళ్లు వస్తున్నారు. నాగమణి తన చోట కూర్చుని పోగులు చేతిలోకి తీసుకుంది. ఆయన వాటిని దాటలేదు. గోడ పక్కన నిలబడి, ఆమె ఒక ముడి పూర్తిచేసేదాకా ఆగాడు.

"ఏం కుచ్చు ఇది?" అని అడిగాడు.

నాగమణి తలెత్తకుండానే కొంచెం పక్కకు జరిగింది. "కూర్చో, చెప్తా" అంది.